కూర్మయ్య కాల్లో గంగమ్మ రాయి

కూర్మయ్య కాలు విరిగింది సముద్రం మీద కాదు. అతని బాధంతా అదే. వజ్రపుకొత్తూరు తీరంలో పుట్టి, పెద్ద పెద్ద తుఫాన్లలో బోటు నడిపి, ఒకసారి సొరచేప నోటి దాకా వెళ్లి వచ్చానని చెప్పుకునే మనిషి (ఆ సొరచేపను చూసినవాడు అతనొక్కడే) పనసకాయ పడి కాలు విరగ్గొట్టుకున్నాడంటే నామోషీగా ఉండదూ మరి!

పూండి దగ్గర కొబ్బరితోట ఉన్న ఎల్లాజీ అనే రైతు అతని స్నేహితుడు. కూర్మయ్య చేపలు పట్టుకెళ్లేవాడు, ఎల్లాజీ పనసకాయలు ఇచ్చేవాడు. ఆ వేసవిలో ఎల్లాజీ చెట్టెక్కి కత్తితో సిద్ధంగా ఉంటే, కూర్మయ్య సరిగ్గా చెట్టు కింద కాళ్లు బార్లా జాపుకుని కూర్చుని ఏ కాయ కొయ్యాలో చెబుతున్నాడు. చేపల మీద ఉన్న అధికారం పనసకాయల మీద కూడా ఉందని అతని నమ్మకం.

"అది కాదు బావా, దాని పక్కది. ఇస్సిరో, అది కూడా కాదు. ఆ పైది. ఆఁ, అదే, అదే!"

అదే వచ్చింది. సరిగ్గా మోకాలికి కాస్త దిగువన, కాలి మీద పడింది.

ముందు పసరు కట్టు కట్టించారు. కదలకుండా పడుకోమని కట్టు కట్టినాయన మరీ మరీ చెప్పాడు. నోటినే కదలకుండా ఉంచుకోలేనివాడు కాలినేం ఉంచుకుంటాడు? వానలు మొదలయ్యాక కట్టు విప్పి చూస్తే ఎముక అతకలేదు సరికదా, మోకాలికీ మడమకీ మధ్య ఇంకో మోకాలు మొలిచినట్టు కాలు అటూ ఇటూ ఊగుతోంది. భార్య అప్పలనరసమ్మ గుండె బాదుకుని, అతణ్ణి ఆటోలో వేసుకుని టెక్కలిలో ఎముకల డాక్టరు ప్రమోదిని దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఇక్కడ ఇంత ముక్క నుజ్జయిపోయింది కూర్మయ్యా. పైకొసా కిందికొసా ఒకదాన్నొకటి అందుకోలేకపోతున్నాయి," అంది. బల్ల మీద నుంచి తెల్లటి ముక్క ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. ఒళ్లంతా సన్నటి చిల్లులే. చేతిలో ఉన్నట్టే లేదు, అంత తేలిక.

"ఇది సముద్రంలో పెరిగే పగడపు రాయి. శుద్ధి చేసి, కాల్చి, ఎముకలో ఉండే సున్నం లాంటిదిగా మారుస్తారు. ఒక రకం పింగాణీ అనుకో. ఇలాంటి ముక్క నీ ఎముకలో ఖాళీ ఉన్నచోట పెడతాను. సొరపాదుకి పందిరి వేస్తాం చూడు, అలాగ. ఈ చిల్లుల్లోంచి నీ ఎముక పాకుతుంది. పాదు బలిశాక పందిరి కర్రలు నెమ్మదిగా చివికిపోతాయి. చివరికి నీ ఎముకే మిగులుతుంది."

డాక్టరమ్మ ఇంత చెబితే కూర్మయ్య చెవికి ఎక్కినది ఒక్కటే మాట. సముద్రం.

వినాయక చవితికి ముందు ఆపరేషన్ అయింది. రాయి పెట్టారు, దానికి దన్నుగా స్టీలు ప్లేటు వేశారు. ఎముక పాకే దాకా కాలు కింద మోపకూడదన్నారు. అంటే కూర్మయ్య ఇంట్లోనే ఉండాలి. అప్పలనరసమ్మ కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

ఆమె తెల్లారి లేచి చేపల గంప నెత్తిన పెట్టుకుని పలాస దాకా వెళ్లి అమ్మి వచ్చేది. వచ్చేసరికి మంచం మీద నుంచి వ్యాఖ్యానం మొదలయ్యేది. పొయ్యి పొగ ఇటు వస్తోంది. చేప అలాగేనా కొయ్యడం? ఆ కోడి నిన్న కుంటలేదు, ఇవాళ కుంటుతోంది, కనిపెట్టావా?

"ఆ పనసకాయ కాలి మీద కాకుండా నోటి మీద పడినా బాగున్ను," అని ఆమె పొరుగింటి వాళ్లతో అనేది. అనేసి, లెంపలు వేసుకునేది. మనిషంటే ప్రాణమే. కాకపోతే ఆ ప్రాణం సముద్రం మీద ఉండి, సాయంత్రానికి ఇంటికి వస్తేనే ఆమెకి అలవాటు.

కూర్మయ్య వాగుడుకి ఓ కారణం ఉంది. అతని మనసంతా వెనక పీట మీద ఉంది. బావమరిది యువరాజు బోటులో ఇంజను పక్కన ఉండే పీట అది. ఒడ్డున విరిగే కెరటాలు దాటించి బోటుని లోపలికి తీసుకెళ్లేవాడే దాని మీద కూర్చుంటాడు. పెళ్లయిన ఏడు నుంచీ అది కూర్మయ్యదే. ఇప్పుడు దాని మీద యువరాజు కూర్చుంటున్నాడు. వారానికోసారి కెరటం అతన్ని ఇంజనుతో సహా ఒడ్డున పడేస్తోంది. అయినా సరే, కూర్మయ్యకి భయమే. పీట ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. దాని మీద ఎంత చేతకానివాడు కూర్చున్నా, కూర్చోగా కూర్చోగా నడపడం వచ్చేస్తుంది. అలా వచ్చేలోపు తన కాలు రావాలి.

కర్రల సాయంతో లేచి తిరగడం మొదలుపెట్టాక, ఒడ్డున వలలు బాగుచేసుకునే చోటికి చేరేవాడు. అక్కడ అందరూ వేట కబుర్లు చెప్పుకుంటుంటే తను పనసకాయ కబురు చెప్పాలా? అందుకని పంచె పైకి లాగి కాలి మీద మచ్చ చూపించాడు.

"ఇందులో ఏటుందో తెలుసునేటి? సంద్రం రాయుంది. మన సంద్రం కూడా కాదు. పై దేశాల సంద్రం. డాక్టరమ్మ నా సేతిలో ఎట్టి మరీ సూపించినాది."

జనం నోళ్లు తెరిచారు. తెరిచిన నోళ్లు చూస్తే కూర్మయ్య ఆగలేడు.

"పోటు వత్తంటే కాల్లో తెలిసిపోతాది నాకు. సేపలు ఏ పక్కనున్నాయో ఆ పక్కకి లాగుతాది. ఇప్పుడు సూడు, ఉత్తరానికి లాగుతన్నాది."

మర్నాడు యువరాజు ఉత్తరానికి వెళ్లాడు. అటు కాక ఇటు వెళ్లినా ఆ రోజు చేప పడేదే, తీరమంతా కవళ్ల చేపలు విరగబడ్డాయి. కానీ పేరు కూర్మయ్య కాలికి వచ్చింది. వాపుని చూసి బలుపు అనుకోవడం లోకంలో ఉన్నదే, ఇక్కడ కుట్లని చూసి మహిమ అనుకున్నారు. పొద్దున్నే ఒకరో ఇద్దరో వచ్చి, "మావా, కాలు ఎటు లాగుతన్నాది?" అని అడిగేవాళ్లు. కూర్మయ్య కళ్లు మూసుకుని, కాలు నిమిరి, ఏదో ఒక దిక్కు చెప్పేవాడు.

మరుసటి ఏడు వానాకాలం వచ్చింది. డాక్టరమ్మ కాలు వంచి చూసి, నొక్కి చూసి, "ఎముక బాగా వచ్చింది. బోటెక్కొచ్చు," అంది. కూర్మయ్య ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారగట్ల వెళ్లి వెనక పీట తుడిచి మరీ కూర్చున్నాడు. కెరటాలు చక్కగా దాటించాడు కూడా. కానీ లోపలికి వెళ్లి వేసిన వల అడుగున రాయికి పట్టుకుంది. లాగితే సగం చిరిగి సగం వచ్చింది. ఆ సగంలో ఒక్క పీత ఉంది.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రం అడుగు నుంచి వలలో రాయి వస్తే దాన్ని గంగమ్మ రాయి అంటారు. అది ఇంటికి తేకూడదు. పట్టినవాడే పసుపు రాసి, బొట్టు పెట్టి, మళ్లీ సముద్రంలో కలపాలి. కలపకపోతే గంగమ్మ తన రాయి కోసం వలని పట్టుకుని లాగుతూనే ఉంటుంది.

చిరిగిన వల ఒడ్డున పరిచారు. కులపెద్ద పాపారావు వచ్చి చూశాడు. ఆయన చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి కాలుస్తాడు. నిప్పు లోపలుండగా మాట బయటికి రావాలి కాబట్టి, ఆయన ఏ మాటైనా ఆలోచించే అంటాడని పల్లెలో గౌరవం.

"ఒరే కూర్మీ, నీ కాల్లో సంద్రం రాయుందని నువ్వే కదేటి సెప్పినావు?"

"సెప్పినాను తాతా, కానీ..."

"సంద్రం వైపు లాగుతన్నాదనీ నువ్వే కదేటి అన్నావు?"

నోరా, వీపుకి దెబ్బలు తేకే అన్నారు పెద్దలు. కూర్మయ్య నోరు వీపుని వదిలేసి కాలికి తెచ్చింది.

"ఆ రాయి గంగమ్మది. తిరిగి కలిపే దాకా నువ్వు బోటెక్కడానికి నేదు," అని పాపారావు తేల్చేశాడు. యువరాజు తల దించుకుని, వెళ్లి వెనక పీట మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

కూర్మయ్య ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ఊళ్లో కొత్త మాట ఒకటి వదిలాడు. అది సముద్రం రాయి కానే కాదట. పింగాణీ అట. డాక్టరమ్మే అందట. కప్పూ సాసరూ చేసే సరుకట.

ఇది ఇంకా అన్యాయమైంది. తల్లులు పిల్లల్ని అతని చుట్టుపక్కల పరిగెత్తనివ్వడం మానేశారు. ఇసుకలో కూర్చోబోతే నలుగురు వచ్చి రెక్కలు పట్టుకుని దించారు. సంతలో కుండ కొనేటప్పుడు మీటి చూసినట్టు, ఒక ముసలమ్మ అతని కాలి మీద వేలితో మీటి చెవి పెట్టి, "బీట నేదు," అని వెళ్లిపోయింది. యువరాజైతే ఏకంగా చేతులు జోడించాడు.

"రాయైతే ఏదోటి సేద్దుము బావా. పింగాణీ అయితే నాను అసలే ఒల్లను. కెరటం కొట్టినప్పుడు పగిలిపోతే మా అప్పకేటి సెప్పాల?"

చివరికి పాపారావే ఓ మాట అన్నాడు. పెట్టినామెకి తియ్యడమూ తెలుసును కదా, వెళ్లి అడుగుదాం అని. కూర్మయ్య, అప్పలనరసమ్మ, యువరాజు, పాపారావు, నలుగురూ టెక్కలి వెళ్లారు. దారి పొడుగునా ఎవరూ మాట్లాడలేదు, కూర్మయ్య కూడా. అది చూసి అప్పలనరసమ్మకి మొదటిసారి నిజంగా భయం వేసింది.

"డాక్టరమ్మ గారూ, మా రాయి మాకు ఇచ్చీండి," అన్నాడు పాపారావు.

సంగతంతా విన్నాక డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, కొత్త ఎక్స్‌రే తీయించి దీపానికి ఎదురుగా పెట్టింది. "నిరుడు ఇక్కడ రాయి విడిగా కనబడేది. ఇప్పుడు చూడండి. ఎముక! రాయి దాదాపు లేదు. ఇంక తియ్యడానికేం ఉంది? ఇతని ఒళ్లు దాన్ని తినేసింది!" అంది. ఆమె గొంతులో, తన పెరట్లో కాసిన సొరకాయని చూపించే ఇల్లాలి సంబరం ఉంది.

ఇటు నలుగురి మొహాల్లో నెత్తురు లేదు.

"గంగమ్మ రాయిని తినీసినాడా!" అన్నాడు పాపారావు, చుట్ట లేని నోటి మీద చెయ్యి వేసుకుని.

"ఏదెట్టినా ఒద్దనడని నువ్వంటే ఏటో అనుకున్నానప్పా," అన్నాడు యువరాజు అక్కతో.

డాక్టరమ్మకి ఆ మొహాలు చూసి జాలేసింది. బల్ల మీద ముక్క తీసి కూర్మయ్య చేతిలో పెట్టింది. "కాల్లోది నేనే కాదు, ఎవరూ తియ్యలేరు. ఇది దాని తోడుదే. దీన్ని కలపండి. గంగమ్మ తల్లికి నా దండం కూడా చెప్పండి."

ఇది పాపారావుకి నచ్చింది. మర్నాడు పొద్దున్న పల్లె పల్లెంతా ఒడ్డుకి చేరింది. ముక్కకి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కూర్మయ్య నడుము లోతు నీళ్లలోకి దిగి, కళ్లు మూసుకుని, "తల్లీ, నీది నీకు," అని బలంగా విసిరాడు. విసిరి ఒడ్డుకి వచ్చాడు. అతని వెనకే కెరటం వచ్చింది. కెరటం వెనక్కి పోయాక చూస్తే, బొట్టు చెరిగిన తెల్ల ముక్క ఇసుకలో అతని పాదాల పక్కన ఉంది.

అంత తేలిక వస్తువుని అంత పెద్ద కెరటం తేకేం చేస్తుంది? కానీ ఒడ్డున ఆ లెక్క ఎవరికి కావాలి? మళ్లీ విసిరాడు. మళ్లీ వచ్చింది. ఈసారి సూటిగా వచ్చి కుట్ల మచ్చ మీదే తగిలింది.

జనం ఒక అడుగు వెనక్కి వేశారు.

"గంగమ్మ ఇది ఒల్లనంటన్నాది," అన్నాడు పాపారావు మెల్లగా. "కాల్లోదే కావాలంటన్నాది."

కూర్మయ్య తడి ఇసుకలో అలాగే కూలబడ్డాడు. ఈసారి రెక్కలు పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. "నాకు సంద్రం తప్ప ఇంకో పని రాదు తాతా," అన్నాడు. "పోనీ, నన్ను కూడా ఇసిరీండి." అందులో గొప్పలేదు, వేళాకోళం లేదు. ఏడుపే ఉంది. అతని నోటి నుంచి అలాంటి మాట పల్లె ఎన్నడూ వినలేదు.

అప్పలనరసమ్మ చేపల గంప కింద పెట్టింది. కొంగు బిగించింది. పలాస బజారులో బేరం ఆడేటప్పుడు ఆమె అలాగే బిగిస్తుంది. బిగించాక ఆమె మీద నెగ్గినవాడు లేడు.

"తాతా, ఓ మాట అడుగుతాను సెప్పు. గంగమ్మ రాయి ఇంటికి తెత్తే ఏటవుతాది?"

"అరిష్టం."

"మరెక్కడుండాల?"

"సంద్రం మీద. ఇంకెక్కడ?"

"అయితే ఈ రాయి ఏడాదై ఎక్కడున్నాది? నా ఇంట్లో! నా మంచం మీద! నా పొయ్యికి వంకలెడతా, నా కోళ్లకి పేర్లెడతా కూకున్నాది! ఏడాది పాటు రాయిని ఒడ్డున ఎండబెట్టి, ఒక్క పూట సంద్రంలోకి తీసికెల్తే తల్లికి కోపం రాదేటి? వల సింపదేటి? ఆ మీదట బుద్ధొచ్చిందా అంటే, మళ్లీ తెచ్చి నా ఇంట్లోనే పడీసినారు! రాయి కాల్లోంచి రాదని డాక్టరమ్మ సెప్పినాది కదా. రాయి రాకపోతే మనిసెల్లాల. ఆ మనిసిని బోటెక్కనీకుండా ఆపినోలు ఎవలు? గంగమ్మ రాయిని ఇంట్లో ఉంచినోలు ఎవలు? నువ్వా, నానా?"

పాపారావు చుట్టని నోట్లో ఇటు నుంచి అటు మార్చాడు. అటు నుంచి ఇటు మార్చాడు. కట్టుబాటు ఆయనదే, ఆయన నోటి నుంచి వచ్చిందే. ఎటు తిప్పి చూసినా దోషం తన దగ్గరికే వస్తోంది.

"మరి అదే కదా నాను సెప్తన్నది!" అన్నాడు చివరికి. పెద్దరికం అంటే అదీ. "ఈ రాయి ఒడ్డున ఉండకూడదు. రేపటి నుంచే ఈడు బోటెక్కాల. వేట నేని రోజున కూడా సంద్రంలో కాలెట్టి రావాల. ఒక్క రోజు తప్పినా ఒప్పుకోను!"

ఆయన మాట పూర్తి కాకుండానే అప్పలనరసమ్మ దండం పెట్టేసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, వేట నిషేధం రోజుల్లో, సాయంత్రం అయ్యేసరికి అతణ్ణి బయటికి పంపడానికి ఆమె చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. కూర్మయ్య వెళ్లి మోకాలి లోతు నీళ్లలో ఒంటరిగా నిలబడి వచ్చేవాడు. ఆ కాస్సేపు ఆమె ఇంట్లో హాయిగా పొయ్యి వెలిగించుకునేది, పొగ ఎటు పోతే అటు పోనిచ్చి.

పాపారావు ఆ మాట అన్న మర్నాడు తెల్లారేసరికి బోటు నీళ్లలోకి తోశారు. డాక్టరమ్మ ముక్కని యువరాజు వలదారంతో వెనక పీట కింద కట్టాడు, అది ఏ ఇంటికీ వెళ్లకుండా. కూర్మయ్య పీట మీద కూర్చున్నాడు. కూర్చున్నాక గానీ అతనికి తెలియలేదు, తను ఎంత భయపడుతున్నాడో. మొన్న బోటెక్కినప్పుడు సంతోషంలో కాలిని చూసుకోలేదు. ఇప్పుడు ఆ కాల్లో రాయి ఉందో, పింగాణీ ఉందో, ఎముకే ఉందో, ఏదుంటే ఏది మోస్తుందో అతనికే తెలియదు. ఇన్ని మాటలు చెప్పిన కాలుని అతను ఒక్కసారైనా నమ్మి చూడలేదు.

మొదటి కెరటం దాటించాడు. రెండోది పక్క నుంచి వచ్చింది. మూడోది తాటిచెట్టంత లేచింది. బోటు ముక్కు ఆకాశంలోకి పోయింది. మనుషులంతా జారి అతని మీదికి వచ్చారు. కూర్మయ్య ఆ కాలినే చెక్కకి అడ్డం పెట్టి, పళ్లు బిగించి, బరువంతా దాని మీద వేశాడు.

ఆగింది. కాలు ఆగింది, బోటు ఆగింది. కెరటం కింది నుంచి జారిపోయింది. ముందు నీళ్లు నున్నగా పరుచుకుని ఉన్నాయి.

యువరాజు లేచి, ఒళ్లు దులుపుకుని, నవ్వుతూ వెనక్కి తిరిగాడు. "సెప్పు బావా, ఎటెల్దుము? కాలేటంటన్నాది?"

బోటులో వాళ్లంతా వలలు సర్దడం ఆపి, కబురు కోసం అతని వైపు చూశారు. కూర్మయ్య పంచె కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు. కాలిని ఒకసారి నిమిరాడు.

"ఏటీ అన్నేదురా," అన్నాడు. "కాలే కదా."